అధ్యక్షులవారి ఎర్ర స్వరాలు

"ఈ గదిలో మనం తీసుకోబోయే నిర్ణయం సంగీత చరిత్రను రెండు ముక్కలు చేస్తుంది!" అని మా సంగీత పరిషత్తు అధ్యక్షులవారు బల్ల గుద్ది ప్రకటించారు. బల్ల మీది గ్లాసు తూలి నీళ్ళు నా కాగితాల మీద ఒలికాయి. కార్యదర్శిని నేనే కాబట్టి ప్రకటన రాసుకోవడమూ నా పనే, నీళ్ళు తుడవడమూ నా పనే. ఏ ముక్క ఎవరికి దక్కుతుందో మాత్రం ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు.

నిర్ణయం ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ కొనడం. స్వరకర్త తలలో ఉన్నది అయిదు గీతల మీద చుక్కలుగా కాగితం మీదికి రావాలి. ఆ కాగితం నుంచి వయొలిన్లవాళ్ళది వయొలిన్లవాళ్ళకు, ఫ్లూట్ ఆయనది ఫ్లూట్ ఆయనకు విడివిడిగా రాసి స్టాండ్ల మీద పెట్టాలి. ఇన్నేళ్ళూ ఆ పని ఒకాయన చేత్తో చేసేవాడు. చూపు మందగించి మానేశాడు. తర్వాత వచ్చినవాళ్ళ దస్తూరి చూసి ట్రంపెట్ ఆయన ఒక కచేరీలో కాఫీ మరకను కూడా స్వరమనుకుని ఊదేశాడు. మర్నాడు పత్రికలో ఆ ఒక్క స్వరాన్నే "సాహసం" అని మెచ్చుకున్నారు. అయినా పరిషత్తు తీర్మానం చేసింది. ఇకమీదట చేతిరాత కాగితాలు వేదిక ఎక్కవు. మంచి సాఫ్ట్‌వేర్ ఎంపికయ్యేదాకా కొత్త రచనలూ ఎక్కవు.

ఆ రెండో వాక్యం రాసింది నేనే. దాంతో మా ఇంట్లో నాకు భోజనం పెట్టేవాళ్ళు కరువయ్యారు. మా అక్క కూతురు ఆర్కెస్ట్రాలో క్లారినెట్ వాయిస్తుంది. అప్పటికి ఏడాదిగా ఒక రచన చేస్తోంది. ఆర్కెస్ట్రా మొత్తానికీ రాసింది. దాన్ని వార్షిక కచేరీలో వాయిస్తారని ఎదురుచూస్తోంది.

"మావయ్యా, ఆ తీర్మానం నువ్వే రాశావట!"

"రాయమంటే రాశానే. నేను రాతగాణ్ణి, కోతగాణ్ణి కాదు."

"ఏడాది నుంచి నా తలకాయలో మోగుతోంది. ఒక్కసారి బయట మోగాలి. నా చెవులతో నేను వినాలి. అంతే. నీ సంఘం ఎప్పటికి తేలుస్తుంది?"

"త్వరలో" అన్నాను. ప్రభుత్వ శాఖల చుట్టూ ఎక్కువకాలం తిరిగినవాణ్ణి. ఆ మాట నోటికి అలవాటైపోయింది.

ఎంపిక సంఘంలో నలుగురు. మొదటివారు అధ్యక్షులవారు. అందరూ 'పెద్దాయన' అంటారు. ఆయన రాసిన సింఫనీ పరిషత్తు హాల్లో గాజు బీరువాలో ఉంది. పైన దీపం వెలుగుతూ ఉంటుంది. దాన్ని చూసినవాళ్ళు చాలామంది. విన్నవాళ్ళు లేరు. దాన్ని వాయించే స్థాయి గల ఆర్కెస్ట్రా ఇంకా పుట్టలేదని సంఘంలో రెండో సభ్యులైన శాస్త్రం మాస్టారు ఒక వ్యాసంలో నిరూపించారు. శాస్త్రం మాస్టారు ఏ వాద్యమూ ముట్టరు. ముడితే శాస్త్రం పాడవుతుందని ఆయన భయం. మూడోవారు కండక్టర్ గారు. టికెట్లు కొట్టే ఆయన కాదు, ఆర్కెస్ట్రా ముందు నిలబడి కర్ర ఊపే ఆయన. నాలుగోవారు కోశాధికారి. ఎవరు చివర మాట్లాడితే వారి అభిప్రాయమే ఆయన అభిప్రాయం.

మొదటి కంపెనీ నుంచి మెడలో టై కట్టుకున్న యువకుడు వచ్చాడు. తెర దించి బొమ్మ వేశాడు.

"సార్, ఇందులో మీరు ఏం కావాలంటే అది రాయొచ్చు. రాసింది వెంటనే వినొచ్చు కూడా. ఎవరైనా ఒక పేజీ ఇస్తే ఎక్కించి చూపిస్తాను."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మాస్టారిది ఇవ్వండి" అన్నారు కండక్టర్ గారు.

"అబ్బే, పెద్దవారుండగా నేనా! మీది కానివ్వండి" అన్నారు మాస్టారు.

"నేను వాయింపించేవాణ్ణే గాని రాసేవాణ్ణి కానుగా."

"నాదెందుకు లెండి, వద్దు లెండి" అన్నారు కోశాధికారి. ఆయన్ని ఎవరూ అడగలేదు.

చివరికి పెద్దాయన చిరునవ్వు నవ్వి బీరువా తాళం ఇచ్చారు. సింఫనీ మొదటి పేజీని నేను రెండు చేతులతో మోసుకొచ్చాను. అందరూ లేచి నిలబడ్డారు. ఆ పేజీ చూడటానికి బాగుంటుంది. పెద్దాయన రాసేటప్పుడు వాద్యాన్ని దగ్గరికి రానివ్వరు. రాసిన కాగితాన్ని గోడకు ఆనించి, కొంచెం దూరం జరిగి, చుక్కలు ఎలా కనిపిస్తున్నాయో చూసుకుంటారు. ఎక్కడ వెలితిగా ఉంటే అక్కడ చుక్కలు పెడతారు.

యువకుడు టకటకా ఎక్కించడం మొదలుపెట్టాడు. తెర మీద చుక్కలు నల్లగా పడుతున్నాయి. అంతలో ఒకటి ఎర్రగా పడింది. తర్వాత ఇంకోటి. కాసేపటికి తెర నిండా తట్టు పోసినట్టయింది.

"ఏమిటయ్యా ఆ ఎరుపు?" అన్నారు పెద్దాయన.

"ఏం లేదు సార్. ఫ్లూట్‌కి అంత కింది స్వరం లేదు కదా సార్, అందుకని చూపిస్తోంది."

"లేదని ఎవరన్నారు?"

యువకుడు తెర వైపు చెయ్యి చూపించాడు. "సాఫ్ట్‌వేర్ అంది సార్."

"నేను సాఫ్ట్‌వేర్ అభిప్రాయం అడిగానా?"

"లేదు సార్."

"అడగని అభిప్రాయాలు చెప్పేది సాఫ్ట్‌వేరా, చుట్టమా?"

యువకుడు తెర చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సమావేశం గురించి నేను రాసుకున్నది ఇది: 'మొదటి సాఫ్ట్‌వేర్ సాంకేతికంగా సమర్థమైనదే గాని, దానికి పెద్దల ఎదుట మెలిగే పద్ధతి తెలియదు.'

రెండో కంపెనీ నుంచి ఒక మధ్యవయసు ఆవిడ వచ్చింది. ఆవిడ సాఫ్ట్‌వేర్ ఎరుపు చూపించేముందే ఇంకో పని చేసింది. ఈ రాతలో అయిదు గీతలను నిలువు గీతలతో గదులుగా విడగొడతారు. గదికి నాలుగు దెబ్బలని మొదట్లో రాస్తే, ఆఖరిదాకా గదికి నాలుగు దెబ్బలే ఉండాలి. పెద్దాయన కొన్ని గదుల్లో అయిదు పెట్టారు, కొన్నింట్లో మూడున్నర. చూపుకు అలా నిండుగా ఉంది మరి. ఆవిడ యంత్రం అయిదో దెబ్బను పట్టుకెళ్ళి పక్క గదిలో పడేసింది. పక్కది ఆ పక్క గదిలోకి జరిగింది. మొదటి పేజీలో మొదలైన తోపులాట ఆఖరి పేజీదాకా పోయి, సింఫనీ ముగియాల్సిన చోట ముగియక ఇంకో పేజీ కావాలంది.

"అమ్మా, నా సింఫనీని పొడుగు చేయడానికి నీకెవరు అధికారమిచ్చారు?" అన్నారు పెద్దాయన.

"నేనేం చేయలేదండీ. మీ లెక్కే..."

"లెక్కా! సంగీతానికి లెక్కేమిటి?" అని శాస్త్రం మాస్టారు ఒంటికాలి మీద లేచారు. ఆయన కళాశాలలో పాఠం చెప్పేది తాళాల లెక్క.

తర్వాతి సమావేశంలో సంఘం కూర్చుని, మాకు కావలసిన సాఫ్ట్‌వేర్ లక్షణాలు తయారు చేసింది. నేను రాశాను. సాఫ్ట్‌వేర్ వినయంగా ఉండాలి. స్వరకర్త అడగనిదే నోరు విప్పకూడదు. లెక్కపెట్టడం వచ్చినా రానట్టుండాలి. రంగులు తెలియకూడదు. రచనను స్వరకర్త అనుమతి లేకుండా ఎవరికీ, ముఖ్యంగా స్వరకర్తకు, వినిపించకూడదు. ఈ లక్షణాలున్న సాఫ్ట్‌వేర్ కావాలని కంపెనీలకు కబురు పెట్టాం. ఒక కంపెనీ ఖాళీ డబ్బా పంపింది. కోశాధికారి దాన్ని కొందామన్నారు.

ఇంటి దగ్గర మేనకోడలు ఊరుకుంటుందా! ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని, తన రచన మొత్తం ఎక్కించి, ఎవరి వాద్యానికి వారి కాగితాలు అచ్చు తీసేసింది. టీ విరామంలో తోటివాళ్ళ స్టాండ్ల మీద పెట్టింది. వాళ్ళు టీ తాగడం మానేసి వాయించారు. మర్నాడు కూడా టీ మానేశారు. క్యాంటీన్ ఆయన నా దగ్గరికి వచ్చి మొర పెట్టుకున్నాడు.

"విన్నావా మరి?" అని అడిగాను మేనకోడల్ని.

"ముక్కలు ముక్కలుగా విన్నాను మావయ్యా. సగంలో గంట కొట్టేస్తారు. అది వినడం కాదు, గుమ్మంలోంచి తొంగిచూడటం. మొత్తం వినాలి. జనం కూర్చుని ఉండాలి. దగ్గేవాడు దగ్గాలి, నిద్రపోయేవాడు నిద్రపోవాలి. అప్పుడు తెలుస్తుంది అది బతికిందా, లేదా అని."

"నీ సాఫ్ట్‌వేర్ ఎరుపు చూపిస్తుందా?"

"తప్పు రాస్తే చూపిస్తుంది. నాకు మొదట్లో చాలా చూపించింది. దిద్దుకున్నాను."

ఈ దిద్దుకోవడమనే మార్గం గురించి సంఘంలో ప్రస్తావించాలని నాకు అనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి మానుకున్నాను.

సంఘాన్ని గట్టెక్కించింది శాస్త్రం మాస్టారు. ఒక సమావేశంలో ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని అన్నారు: "నేను రాత్రంతా ఆలోచించాను. ఆ ఎరుపు అంటే ఏమిటి? వాద్యం హద్దు దాటిన స్వరం. అవునా? అయ్యా, హద్దు దాటేది ఎవరు? సామాన్యులా?"



"అంటే..." అన్నారు పెద్దాయన.

"అంటే, ఆ యంత్రం మిమ్మల్ని తప్పుపట్టలేదండీ. గుర్తుపట్టింది! నా శక్తి ఇంతవరకే, ఈ మహానుభావుడు దాన్ని దాటిపోయాడు అని సిగ్గుతో ఎర్రబడింది!"

"నేను మొదటే అనుకున్నాను" అన్నారు కోశాధికారి.

ఆ ఒక్క మాటతో మా పని సులువైపోయింది. ఏ సాఫ్ట్‌వేర్ పెద్దాయన సింఫనీకి ఎక్కువ ఎరుపు చూపిస్తుందో అదే ఉత్తమం! టై కట్టుకున్న యువకుడికి కబురు వెళ్ళింది. వాడు ఈసారి గాలి ఎటు వీస్తోందో గుమ్మంలోనే పసిగట్టాడు.

"సార్, ఎరుపు ఇంకా పెంచొచ్చు సార్. ఇందులో వాద్యకారుల స్థాయి అని ఒకటుంది. ఇప్పుడు 'నిపుణులు' అని ఉంది. దాన్ని 'కొత్తగా నేర్చుకుంటున్నవారు' అని మార్చామనుకోండి, హద్దులు తగ్గుతాయి, ఎరుపు పెరుగుతుంది."

"మార్చు" అన్నారు పెద్దాయన.

మార్చాడు. తెర పండిన టమాటాల గంపలా అయింది. మాస్టారు చప్పట్లు కొట్టారు. ఆ సాఫ్ట్‌వేర్ ఏకగ్రీవంగా ఎంపికైంది. దాంతో మా ఆర్కెస్ట్రా సభ్యులందరూ పరిషత్తు రికార్డుల్లో కొత్తగా నేర్చుకుంటున్నవారయ్యారు. బసూన్ అనే పొడుగాటి వాద్యం ఊదే పెద్దమనిషి మనవలున్నవాడు. ఆయన నన్ను వరండాలో పట్టుకుని, "ఏమండీ, ఫీజు ఎవరికి కట్టాలి?" అని అడిగాడు.

సాఫ్ట్‌వేర్ ఎంపికైంది గనుక కొత్త రచనలకు అడ్డు తొలగింది. మేనకోడలు తన రచన సమర్పించింది. ఎక్కించి చూశారు. రెండంటే రెండు ఎర్ర చుక్కలు కనిపించాయి. అవీ నేర్చుకుంటున్నవాళ్ళ అమరికలో.

"రెండేనా!" అన్నారు మాస్టారు. "అమ్మా, రెండు ఎరుపులు పెట్టుకుని వేదిక ఎక్కుతావా?"

"అవి వాయించొచ్చండీ. అన్నీ వాయించొచ్చు."

"అదే తల్లీ మీ తరంతో వచ్చిన చిక్కు. వాయించగలిగినవే రాస్తారు. లోతేదీ?"

పెద్దాయన ఆమె వంక జాలిగా చూశారు. "హద్దుల్లో ఉంది. ఆడపిల్ల రాత. మంచిదే. కానీ కళ కాదు. వచ్చే ఏడాది కొంచెం ఎరుపుతో రా అమ్మా."

ఆమె కాగితాలు సర్దుకుని నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. అప్పుడు కూడా నేను రాసుకుంటూనే ఉన్నాను. 'లోతు లేమి కారణంగా వాయిదా.' వార్షిక కచేరీకి అచ్చులో సిద్ధంగా ఉన్నది పెద్దాయన సింఫనీ ఒక్కటే. గాజు బీరువాలోంచి అది వేదిక మీదికి రాబోతోందని ఊరంతా ప్రకటనలు అంటించాం.

రిహార్సల్ మొదలైంది. పెద్దాయన రాలేదు. పుట్టబోయే బిడ్డను ముందే చూడకూడదన్నారు. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. కండక్టర్ గారు కర్ర ఎత్తారు. దించారు. ఆ తర్వాత వచ్చిన చప్పుడును వర్ణించడానికి నా దగ్గర మాటల్లేవు. గోడౌన్‌లో బీరువా పక్కకు జరిపినప్పుడు దానికి దగ్గరగా ఏదో వింటాం. ఫ్లూట్ ఆయన కాగితం వంక చూస్తూ ఊరికే కూర్చున్నాడు.

"మీరు వాయించరేం?" అన్నారు కండక్టర్ గారు.

"నా దాంట్లో ఇంత కింద ఏమీ లేదండీ. ఇంకా కిందికి పోతే నా చెప్పులున్నాయి."

"భావించండి."

"ఏమండీ?"

"ఆ స్వరాన్ని మనసులో భావించండి. జనానికి అందుతుంది."

బసూన్ పెద్దమనిషి చెయ్యెత్తాడు. "సార్, నేను కొత్తగా నేర్చుకుంటున్నవాణ్ణి. ఈ గదిలో అయిదు దెబ్బలున్నాయి, మీరు నాలుగే కొడుతున్నారు. మిగిలింది ఇంటికి పట్టుకెళ్ళి వాయించనా?"

అందరూ నవ్వారు. కండక్టర్ గారు నవ్వలేదు. ఆయన మొహం చూస్తే నాకు జాలి వేసింది. ఆ చప్పుడు జనం ముందు ఆయన కర్ర కొసనుంచే రావాలి. సింఫనీ బాగోలేదని చెబితే ఉద్యోగం ఉండదు. వాయిస్తే పరువు ఉండదు. కచేరీ దగ్గరపడేకొద్దీ ఆయనకు అన్నం సయించడం మానేసింది. చివరికి ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి తలుపు వేశారు.

"మీ అమ్మాయి రచన ఎంతసేపు వస్తుంది?"

"సుమారు సింఫనీ అంతే."

"టీ విరామంలో వాళ్ళు వాయిస్తుంటే కిటికీ దగ్గర నిలబడి విన్నాను. వాళ్ళకది నోటికి వచ్చేసింది." ఆయన గొంతు తగ్గించారు. "ప్రకటనలో ఉన్న పేరు అలాగే ఉంటుంది. వాయించేది మాత్రం అది. పెద్దాయనకు..."

"తెలియదా?"

"ఆయన ఎప్పుడు విన్నారని తెలియడానికి?"

మేనకోడల్ని పిలిపించాను. విషయం విని ఆమె కిటికీ లోంచి బయటకు చూస్తూ నిలబడింది. నేనే వద్దన్నాను. "నీ బిడ్డకు ఇంకోడి ఇంటిపేరు పెట్టుకుంటావే? ఒకసారి ఆయన పేరుమీద మోగితే మళ్ళీ నీదని చెప్పుకోలేవు."

"తెలుసు మావయ్యా."

"మరి?"

"చెప్పుకోవడానికి రాయలేదు. వినడానికి రాశాను." మళ్ళీ తానే, "కానీ చెప్పుకుంటే బాగుండును" అంది. తర్వాత కండక్టర్ గారి వైపు తిరిగింది. "ఏ రచనకైనా మూడో భాగంలో మీరు తొందరపడతారు సార్. అక్కడ తొందరపడితే మాత్రం ఒప్పుకోను."

కచేరీ రోజున హాలు నిండింది. పెద్దాయన ముందు వరసలో మధ్యన కూర్చున్నారు. పక్కన మాస్టారు, ఆ పక్కన కోశాధికారి. కర్ర చెల్లోలనే లావుపాటి వయొలిన్ల వైపు లేచింది. చెల్లోలు మెల్లగా మొదలుపెట్టాయి. కాసేపటికి నా పక్కనున్నాయన పక్కవాడితో మాట్లాడటం ఆపాడు. ఎవరో దగ్గారు. తర్వాత ఎవరూ దగ్గలేదు. క్లారినెట్ల వరసలో మేనకోడలు తన వంతు రానప్పుడు వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెవి ఒగ్గి వింటోంది. మూడో భాగంలో కండక్టర్ గారు తొందరపడలేదు.

అయిపోయాక జనం లేచి నిలబడ్డారు. పెద్దాయన చెంపల మీద కన్నీళ్ళు.

"ప్రతి స్వరమూ, అచ్చం నేను రాసినట్టే!" అన్నారాయన.

"రెండో భాగంలో ఎరుపు ఎంత స్పష్టంగా వినబడిందండీ!" అన్నారు మాస్టారు.

పెద్దాయన వేదిక ఎక్కి దణ్ణాలు పెట్టి, దిగబోతూ మేనకోడలి దగ్గర ఆగి తల మీద చెయ్యి వేశారు. "విన్నావా అమ్మా? రాయడమంటే అదీ."

"విన్నానండీ" అంది ఆమె. "మొత్తం విన్నాను."

అంతటితో పోయేదే. కానీ పెద్దాయనకు విద్యాదానం చేయాలనిపించింది. మరుసటి సమావేశానికి మేనకోడల్ని పిలిపించారు. వాయిదా పడిన ఆమె రచన మీద తుది తీర్పు చెప్పాలి.

"చదివి చెబితే పక్షపాతం అంటారు. కంప్యూటర్‌లో వేసి వినిపించండి" అన్నారు నాతో. "ముందు నా సింఫనీ వేయండి. తర్వాత ఈ అమ్మాయిది. తేడా ఆ పిల్లకే అర్థమవుతుంది."

కండక్టర్ గారు పైకప్పు వంక చూశారు. ఆజ్ఞ ఆజ్ఞే. చెప్పిన వరసలోనే, ముందు పెద్దాయన సింఫనీ తెరిచి మీట నొక్కాను.

కంప్యూటర్‌కు మొహమాటం లేదు, భావించడం రాదు. ఏది రాస్తే అది వాయించింది. గోడౌన్‌లో బీరువాలన్నీ ఒకేసారి జరిగాయి. పెద్దాయన మొహం చిట్లించారు.

"నాది ముందు వేయమంటే ఆ పిల్లది వేశారేమిటండీ!"

"అయ్యా, ఇది..."

"సరే, పోనివ్వండి, అడ్డు రాకండి. వేసినదెలాగూ వేశారు, విందాం." కాసేపు విన్నారు. "ఏమిటిది? ఆ ఫ్లూట్ ఏమిటి, బావిలో పడ్డట్టు! ఆ తాళం చూడండి, కుంటుతోంది. అమ్మా, నీకు కోపం వచ్చినా సరే, ఇది రాసినవాళ్ళకు సంగీతం ఓనమాలు తెలియవు!"

"గదికి నాలుగు దెబ్బలుండాలన్న కనీస జ్ఞానం లేదు" అన్నారు మాస్టారు. "ఇది శాస్త్రద్రోహం!"

"ద్రోహమే" అన్నారు కోశాధికారి.

మేనకోడలు తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని పెద్దాయన కాస్త మెత్తబడ్డారు. నాకు దాని సంగతి తెలుసు. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది.

"ఆపండి, ఆపండి. చెవులు పోతున్నాయి. ఇప్పుడు నాది వేయండి."

రెండోది వేశాను. చెల్లోలు మెల్లగా మొదలుపెట్టాయి. పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. ముగిసేదాకా తెరవలేదు. తెరిచి, తీర్మానం చెప్పసాగారు. నేను రాసుకున్నాను. "మొదట వినిపించిన రచన ఏ వేదిక మీదా, ఏ కాలంలోనూ వాయించదగినది కాదు. తర్వాత వినిపించిన రచనను ఏటేటా వార్షిక కచేరీలో తప్పనిసరిగా వాయించాలి. దాని కర్తను ఈ ఆర్కెస్ట్రాకు ఆస్థాన స్వరకర్తగా నియమించడమైనది." ముగ్గురూ చేతులెత్తారు. కండక్టర్ గారి చెయ్యి అందరికంటే ముందు లేచింది.

"పేర్లు ఎలా రాయమంటారండీ?" అని అడిగాను.

"అందులో సందేహమేముంది? మొదటిది ఆ అమ్మాయిది, రెండోది నాది."

"తమరు చెప్పిన వరసలోనే వేశానండీ. ముందు తమరిది. తర్వాత అమ్మాయిది."

పెద్దాయన లేచి వచ్చి తెర దగ్గరగా వంగి, రెండు రచనల మీదా ఉన్న పేర్లు చదువుకున్నారు. కండక్టర్ గారి వైపు తిరిగారు.

"ఆ రోజు కచేరీలో మీరు వాయింపించిందేది?"

"నేను కర్ర ఊపానండీ. వాళ్ళు ఏది వాయించారన్నది వాళ్ళనడగాలి."

మాస్టారు కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టారు. ఈసారి అద్దాలు అరిగిపోయేలా తుడిచినా ఏ ఆలోచనా రాలేదు. ఎవరో ఒకరు మాట్లాడితే ఏకీభవిద్దామని కోశాధికారి అందరి మొహాలూ చూస్తున్నారు. మేనకోడలు తలెత్తింది. నవ్వు పోయింది. నా కలం వంక చూస్తోంది. పేర్లు తారుమారు చేయమని పెద్దాయన ఒక్క మాటంటే చాలు, ఆమె రచన ఆయనదైపోతుంది, ఆయనది ఆమె నెత్తిన పడుతుంది. నలుగురిలో ఒక్కరూ కాదనరు.

పెద్దాయన మెల్లగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. రెండు రచనలనూ మనసులో తూచుకున్నట్టున్నారు. పేర్లు మార్చుకుంటే, రేపు ఎవరైనా ఇలాంటిదే ఇంకోటి రాయమని అడగొచ్చు. గొంతు సవరించుకున్నారు.

"రాసుకోండి" అన్నారు. "అధ్యక్షులు తమ రచన అని తెలిసి కూడా, నిష్పక్షపాతంగా, నిర్మొహమాటంగా దాన్ని తామే తిరస్కరించి, యువతరానికి దారి ఇచ్చారు."

మాస్టారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. "చరిత్రలో లేదండీ ఇలాంటిది! తన రచనను తానే! అందుకేగా నేను శాస్త్రద్రోహం అన్నది. మీ త్యాగానికి చేయూతనివ్వాలనే!"

"నేనూ అందుకే" అన్నారు కోశాధికారి.

తీర్మానం తీర్మానంగానే ఉండిపోయింది. మేనకోడలి రచన ఆమె పేరుతోనే ఆ ఏడే మళ్ళీ వాయించారు. నేను ఆమె పక్కనే కూర్చుని విన్నాను. క్లారినెట్ ఇంకొకరికి ఇచ్చి, ఆమె జనంలో కూర్చుని మొత్తం వింది. పెద్దాయనకు అంతకంటే పెద్ద సభ జరిగింది. 'ఆత్మవిమర్శ సార్వభౌమ' అని బిరుదిచ్చారు. తాను తిరస్కరించిన సింఫనీ గురించి ఆయన గంటసేపు మాట్లాడారు. పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. ఆయన కూర్చున్న ఫోటో కింద, ఆ సింఫనీ ఎంత అధ్వానమో ఆయన మాటల్లోనే అచ్చయింది. ఆయన జీవితంలో అంత పేరు ఎప్పుడూ రాలేదు.

దాంతో పరిషత్తులో పెద్దలకు నిద్ర పట్టడం మానేసింది. తిరస్కరించడానికి తమకంటూ ఒక్క రచన లేకపోయెనే! మొదట శాస్త్రం మాస్టారు, తర్వాత కండక్టర్ గారు, వాళ్ళ వెనక కోశాధికారి, ఒకరికి తెలియకుండా ఒకరు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. కొత్త ఆస్థాన స్వరకర్తతో ఏకాంతంగా మాట్లాడాలట.

"అమ్మా, పెద్దదేం వద్దు" అన్నారు మాస్టారు, చెప్పులు విప్పకుండానే. "నా పేరుమీద ఒక చిన్న రచన చేసి పెట్టు. వినగానే ఎవరికైనా కడుపులో తిప్పాలి. సభలో నలుగురి ముందూ నేనే లేచి ఛీ అంటాను. నీ పేరు ఎక్కడా రాదు, ప్రమాణం చేసి చెబుతున్నా."

మేనకోడలు వినయంగా చేతులు కట్టుకుంది.

"ప్రయత్నించానండీ. అంత అధ్వానంగా రాయడం నా వల్ల కావడం లేదు. పెద్దాయన్ని అడగండి."